నేల విడవని సాము



యుద్ధవిద్య అంటే ఆయుధంతోగాని, ఒట్టి చేతులతోగాని ఎదుటివాడిని ఎదుర్కొనే నేర్పు అని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఆ నేర్పును గురువు కళ్ళెదుట ఏళ్ళ తరబడి ఒంటికి పట్టించుకునే క్రమానికి సాధన అని పేరు. ఆ క్రమంలో తన ఒంటికీ మనసుకూ ఏమి జరిగిందో సాధకుడు తానే పూనుకొని చెప్పిన మాటను అనుభవ కథనం అనవచ్చు. ఇటువంటి కథనాలు లోకంలో చాలానే ఉన్నాయి గాని, వాటిని చదివేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. గోదాలో ఎవరి వీపు మట్టికి అంటిందో చుట్టూ నిలబడిన నలుగురూ చెప్పగలరు. బాణం వదిలిన క్షణంలో బొటనవేలికి ఏమి తెలిసింది, దెబ్బ తప్పుకున్నప్పుడు ముందు కదిలింది కన్నా కాలా అన్న ప్రశ్నలకు మాత్రం ఆ పని చేసినవాడు తప్ప మరో సాక్షి ఉండడు. సాక్షి ఒక్కడే అయినప్పుడు, పైగా ఆ సాక్షి తన గురించి తానే చెప్పుకుంటున్నప్పుడు, ఆ సాక్ష్యంలో ఏ భాగాన్ని నమ్మవచ్చు, ఏ భాగం దగ్గర ఆగి ఆలోచించాలి అన్నది ఈ ప్రసంగానికి విషయం.

ఈ పరీక్షకు పనికివచ్చే గీటురాయి తెలుగు జాతీయంలోనే ఒకటి ఉంది. సాము అంటే దేహవ్యాయామంతో కలిపి నేర్చే ఆయుధాభ్యాసం. కర్రసాము, కత్తిసాము అనే మాటలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. కాలు నేలమీద ఊనకపోతే కర్ర విసురుకు బలం రాదు కనుక, ఆధారం లేని ప్రయత్నాన్నీ, శక్తికి మించిన డాంబికాన్నీ ‘నేల విడిచి సాము’ అనడం అలవాటైంది. రాజకీయాలకూ, అప్పులు చేసి కట్టే ఇళ్ళకూ ఈ మాటను వాడీ వాడీ దాని పుట్టిల్లు మరుగున పడింది గాని, సాధకుల కథనాలకు దీన్ని తిరిగి అన్వయించి చూస్తే చక్కగా సరిపోతుంది. మడమ, భుజం, ఊపిరి, బొబ్బలెక్కిన చేయి, గురువు విసుగు, వీటి గురించి చెప్పినంతసేపూ కథకుడి కాలు నేలమీదే ఉంటుంది. వాటన్నిటి వెనుక ఉన్న పరమార్థాన్ని వివరించబోయినప్పుడు తరచు మడమ లేస్తుంది.

ఇందుకు అన్నిటికంటె ప్రసిద్ధమైన ఉదాహరణ ఓయిగెన్ హెరిగెల్ అనే జర్మన్ తత్త్వశాస్త్ర ఆచార్యుడిది. 1884లో పుట్టిన హెరిగెల్‌కు క్రైస్తవ మార్మికుల రచనల మీద, ముఖ్యంగా ఎకార్ట్ మీద, యౌవనం నుంచీ ఆసక్తి ఉండేది. 1924లో జపాన్ ఉత్తరభాగంలోని సెందాయ్ నగరానికి, అక్కడి తోహొకు విశ్వవిద్యాలయంలో బోధించడానికి వెళ్ళినప్పుడు, జెన్ అనే బౌద్ధ ధ్యానమార్గాన్ని దగ్గరగా తెలుసుకోవాలన్న కోరిక కూడా ఆయన వెంట వెళ్ళింది. ఆ మార్గాన్ని నేరుగా పట్టుకోవడం కష్టమని, ఏదో ఒక కళ ద్వారా సమీపించమని సలహా దొరకగా, ఆయన భార్య పూల అమరికనూ చిత్రలేఖనాన్నీ ఎంచుకుంది, ఆయన విలువిద్యను ఎంచుకున్నాడు. తుపాకీతో, పిస్తోలుతో గురిపెట్టిన అనుభవం విల్లుకు కూడా అక్కరకు వస్తుందని అనుకోవడమే ఆ ఎంపికకు కారణం. ఆ అంచనా ఎంత తప్పో ఆయనే తరువాత ఒప్పుకున్నాడు. గురువు ఆవా కెంజో (1880–1939) అప్పటికే పేరుమోసిన విలుకాడు. గురువుకు జర్మన్ రాదు, శిష్యుడికి జపనీస్ అంతంతమాత్రం, కాబట్టి తాను కూడా ఆవా శిష్యుడే అయిన కొమచియా సోజో అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఇద్దరి మధ్యా దుబాసీగా నిలిచాడు. ఈ దుబాసీ పాత్రను శ్రోతలు గుర్తు పెట్టుకోవాలి.

జపాన్ విలువిద్యను క్యూదో అంటారు, విల్లు మార్గమని దాని అర్థం. ఆ విల్లు సుమారు 221 సెంటీమీటర్ల పొడవుతో మనిషి కంటె ఎత్తుగా ఉంటుంది. పిడి నడిమధ్యన కాక కింది నుంచి మూడోవంతు ఎత్తులో ఉంటుంది. నారిని లాగేది వేళ్ళ కొసలతో కాదు. జింకతోలు తొడుగు వేసుకున్న బొటనవేలి మొదట్లో నారిని తగిలించి, ఆ బొటనవేలిని మిగిలిన వేళ్ళతో మూసి, విల్లును తల కంటె ఎత్తుకు లేపి, రెండు చేతులనూ రెండు వైపులకు విడదీస్తూ కిందికి దింపుతారు. హెరిగెల్ కథనంలో మొదటి భాగమంతా ఈ లాగడంతోనే గడుస్తుంది. విల్లు ఎక్కుపెట్టిన కాసేపటికే చేతులు వణికేవి, ఊపిరి బరువెక్కేది, భుజాలు బిగుసుకునేవి. గురువేమో బలంతో లాగవద్దంటూ, తాను పూర్తిగా లాగి నిలబడి, తన చేతుల కండలను శిష్యుడి చేత తడిమించాడు, అవి ఏ పనీ చేయనట్టు వదులుగా ఉన్నాయి. పీల్చిన గాలిని కడుపులోకి మెల్లగా అదిమి, కాసేపు నిలిపి, నిదానంగా వదిలే పద్ధతిని ఆ తరువాతే నేర్పాడు. లాగడం ఒక్కటీ పట్టుబడడానికి ఏడాది పట్టిందని ఆయన తరువాత రాసిన పుస్తకం చెబుతుంది.

అసలు కష్టం అంతటితో తీరలేదు. బొటనవేలిని మూసి ఉంచిన వేళ్ళను తెరవగానే ఒళ్ళంతా ఒక కుదుపు కుదిపేది, బాణం వంకరపోయేది. పసిపిల్లవాడు పట్టుకున్న వేలిని ఏ ఆలోచనా లేకుండా ఎలా వదులుతాడో అలా వదలమని, వెదురాకు మీద పేరుకున్న మంచు బరువుకు ఆకు వంగి వంగి ఆకు కదలకుండానే మంచు జారినట్టు బాణం జారిపోవాలని గురువు పోలికలు చెప్పాడు. పోలికలు అందంగానే ఉన్నాయి, వేళ్ళకు మాత్రం అవి వినపడలేదు. వేసవి సెలవుల్లో సముద్రపు ఒడ్డున ఉన్నప్పుడు హెరిగెల్ తన తెలివితో ఒక ఉపాయం కనిపెట్టాడు: బొటనవేలి మీద ఉన్న వేళ్ళ పట్టును వెంట్రుకవాసి చొప్పున సడలిస్తూ పోతే, ఒక క్షణంలో నారి తనంతట తానే ఊడిపోతుంది, కుదుపు ఉండదు. తుపాకీ మీటను నెమ్మదిగా నొక్కే పద్ధతికి ఇది తోబుట్టువు. సెలవులయ్యాక గురువు ముందు ఆ బాణం వేశాడు. గురువు మరొకసారి వేయమన్నాడు. రెండోదీ చూశాక ఒక్క మాట అనకుండా విల్లు అందుకుని, పక్కన పెట్టి, శిష్యుడి వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. తనను మోసగించబోయాడు కనుక ఇక పాఠం చెప్పనని గురువు అన్నట్టు మరునాడు కొమచియా వచ్చి చెప్పాడు. బతిమాలి, మాట ఇచ్చి, ఎలాగో ఒప్పించవలసి వచ్చింది. 1948లో వెలువడి, 1953లో జెన్ పండితుడు సుజుకి దైసెత్సు పీఠికతో ఇంగ్లీషులోకి వెళ్ళి దేశదేశాలు తిరిగిన ఆ చిన్న పుస్తకంలో ఇంతకంటె నమ్మదగిన ఘట్టం లేదు, ఎందుకంటే తన తెలివిని గొప్పగా చూపుకోదలచినవాడు ఈ సంగతిని ఇలా రాయడు.

పుస్తకానికి కీర్తి తెచ్చినవి మాత్రం వేరే రెండు ఘట్టాలు. చాలాకాలం తరువాత ఒకనాడు శిష్యుడు బాణం వదలగానే గురువు వంగి నమస్కరించి, ఇప్పుడు బాణం వేసినది ‘అది’ అన్నాడని హెరిగెల్ రాశాడు. ఎవరా ‘అది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా, అహం తప్పుకున్నచోట పనిచేసే ఏదో శక్తి అన్నట్టు పాఠకుడికి తోచేలా వదిలాడు. రెండోది చీకటిలో జరిగిన సంఘటన. రాత్రివేళ, గురి ముందు సన్నని అగరువత్తి ఒకటి మాత్రమే వెలుగుతుండగా ఆవా రెండు బాణాలు వేస్తే, మొదటిది నల్లని మధ్యబిందువులో దిగిందనీ, రెండోది మొదటి బాణం వెనుక కొసను తాకి దాన్ని చీల్చిందనీ, ఇందులో తన గొప్ప ఏమీ లేదని గురువు అన్నాడనీ పుస్తకం చెబుతుంది.

2001లో జపాన్ పరిశోధకుడు యమదా షోజి ఈ రెండు ఘట్టాలనూ ఓపికగా విప్పి చూశాడు. ఆవా జెన్ అభ్యాసి కాదని, తన శిష్యులెవరికీ ఈ ‘అది వేసింది’ అనే సిద్ధాంతాన్ని నేర్పిన దాఖలా లేదని, హెరిగెల్ సాధనాకాలం పుస్తకం చదివితే తోచినంత దీర్ఘమైనది కాక సుమారు మూడేళ్ళేనని ఆయన తేల్చాడు. చీకటి రాత్రి దుబాసీ అక్కడ లేడు. రెండో బాణం మొదటిదాన్ని తాకడం కాకతాళీయమని ఆవా మరో శిష్యుడితో అన్నట్టు కూడా ఆధారం దొరికింది. గురువు మాట ముందు చెప్పినదానికి విరుద్ధంగా ఉన్నప్పుడు దాన్ని అనువదించకుండా ఊరుకునేవాడినని కొమచియా స్వయంగా చెప్పుకున్నాడు. ఇక ‘అది’ సంగతికి వస్తే, మంచి బాణం పడినప్పుడు జపాన్ గురువు అనే మాట బహుశా ‘సొరె దెషిత’ అయి ఉంటుందని యమదా ఊహించాడు. సొరె అంటే అది, దెషిత అంటే అయింది అన్న అర్థాన్నిచ్చే క్రియారూపం.

ఈ ఊహను జర్మన్ పాఠకుడికి వివరించాలంటే చాలా పేజీలు పడతాయి గాని తెలుగు శ్రోతకు ఒక్క క్షణం చాలు. సంగీతం నేర్పే గురువు శిష్యురాలి గొంతులో గమకం సరిగ్గా పలికినప్పుడు ‘అదీ!’ అంటాడు, కర్రసాము నేర్పే వస్తాదు కుర్రవాడి మణికట్టు సరిగ్గా తిరిగినప్పుడు కూడా అదే మాట అంటాడు. అందులో ఉన్నది ఒక మెప్పు, ఒక గుర్తింపు, ఇందాకటి నుంచీ చెబుతున్నది ఇదే సుమా అన్న తృప్తి. ఆ ‘అదీ’ని తెలుగు రాని పండితుడు ఒకడు నామవాచకం చేసి, పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, దాని మీద ఒక తత్త్వం కడితే ఎలా ఉంటుందో హెరిగెల్ పుస్తకంలో ఆ ఘట్టం అలా ఉంది. యమదా ఊహ సరైనదే అయితే, ఇరవయ్యో శతాబ్దంలో లక్షలమంది ధ్యానించిన ఒక రహస్యం వెనుక ఉన్నది బడిపంతులు నోట రోజూ వినవచ్చే మెచ్చుకోలు.

ఇంతమాత్రాన హెరిగెల్ అబద్ధమాడాడని నిర్ణయించడం తొందరపాటు. నాజీ పార్టీలో 1937లో చేరి, యుద్ధం చివరిరోజుల్లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉన్న ఆ మనిషి జీవితంలో తప్పుపట్టవలసినవి వేరే ఉన్నాయి. వణికిన చేయి, కుదుపు, సముద్రపు ఒడ్డు ఉపాయం, గురువు వీపు, ఇవేవీ యమదా పరిశీలనలో చెదరలేదు. చెదిరినది వాటికి చెప్పిన భాష్యం. పైగా జపాన్‌కు బయలుదేరకముందే, మార్మికుల పుస్తకాల నుంచి, ఆయన మనసులో సిద్ధంగా ఉన్న భాష్యం అది.

దీనికి పూర్తిగా భిన్నమైన కథనం ఫునకోషి గిచిన్‌ది. ఒకినావా ద్వీపంలోని షురిలో 1868లో పుట్టిన ఈయన వృత్తిరీత్యా బడిపంతులు. 1922లో టోక్యోకు వెళ్ళి అక్కడే ఉండిపోయి, కరాటేను జపాన్ ప్రధాన ద్వీపాలకు పరిచయం చేసినవారిలో ముఖ్యుడిగా నిలిచి, 1957లో మరణించాడు. వృద్ధాప్యంలో చెప్పుకున్న ఆత్మకథలో తాత్త్వికత లేకపోలేదు గాని అది పొదుపుగా ఉంటుంది. కరాటేలో కతా అంటే ఊహించుకున్న ప్రత్యర్థుల మీద చేసే దెబ్బలనూ అడ్డింపులనూ ఒక వరసలో కూర్చిన కదలికల మాల. అజాటో అంకో అనే గురువు ఇంటి పెరట్లో, రాత్రివేళల్లో, ఒకే కతాను వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి చేయవలసి వచ్చిందనీ, గురువు మసక దీపం పక్కన నిటారుగా కూర్చుని, నచ్చకపోతే మళ్ళీ చేయమని, నచ్చితే బాగుందని మాత్రం అనేవాడనీ ఫునకోషి చెబుతాడు. కొత్త కతా అడిగే హక్కు శిష్యుడికి లేదు. లాంతరు పట్టుకుని చీకట్లో వెళ్ళి, తెల్లవారుజామున కాళ్ళీడ్చుకుంటూ తిరిగివచ్చే పంతులుగారు ఏ వేశ్యావాటికకో పోయివస్తున్నాడని ఇరుగుపొరుగులు గుసగుసలాడుకున్నారట. కరాటేను బాహాటంగా నేర్వడానికి వీలులేని రోజులవి కనుక నిజం చెప్పుకునే దారి కూడా లేదు.

ఆత్మకథ చివరిభాగంలో ఉన్న ఒక సంఘటన ఈ చర్చకు మరింత విలువైనది. యుద్ధానంతర కాలంలో, ఎనభై ఏళ్ళకు చేరువలో ఉన్న ఫునకోషిని రాత్రిపూట దారిలో ఒక దొంగ అడ్డగించి గొడుగుతో కొట్టబోగా, ఆయన వంగి తప్పుకుని, వాడి మర్మస్థానాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఇంతలో వచ్చిన పోలీసుకు వాడిని అప్పగించాడు. కరాటే సినిమాలు చూసినవారు ఇక్కడ చప్పట్లు కొడతారు. ఫునకోషి మాత్రం, ముందుగా దాడికి దిగవద్దని శిష్యులకు జీవితమంతా చెప్పి, తానే ఆ పని చేశానని సిగ్గుపడ్డాడు. ఒంటికి పట్టిన విద్య మనిషి అనుమతి అడగకుండా పనిచేస్తుందన్న సంగతిని హెరిగెల్ ‘అది’ అనే మాటతో చెప్పబోయాడు. ఫునకోషి ఆ సంగతినే ఒక దొంగ, ఒక గొడుగు, ఒక పశ్చాత్తాపం సాయంతో చెప్పాడు.

మన పొరుగున కేరళలో కళరిపయట్టు అనే విద్య ఉంది. కళరి అంటే సాధన చేసే చోటు, పయట్టు అంటే అభ్యాసం. సంప్రదాయ కళరి 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పుతో, నేలమట్టానికి దిగువన తవ్విన మట్టి గది. కుడికాలు ముందు పెట్టి దిగి, నేలను తాకిన చేతిని నుదుటికి ఆనించి, నైరుతి మూలలో ఏడు మెట్లుగా కట్టిన పూత్తరకు, అంటే దేవతాపీఠానికి, మొక్కి అభ్యాసం మొదలుపెడతారు. అమెరికన్ నాటకశాస్త్రవేత్త ఫిలిప్ జరిల్లి 1976లో కథకళి నేర్చుకోవడానికి వచ్చి, తిరువనంతపురంలోని సి.వి.ఎన్. కళరిలో గోవిందన్‌కుట్టి నాయర్ గురుక్కళ్ దగ్గర చేరి, ఏళ్ళ తరబడి వస్తూ పోతూ సాధన చేసి, 1998లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆటల మైదానంలో పెరిగిన తన దేహం మొదట్లో ప్రతి కదలికనూ సంకల్పబలంతో లొంగదీయబోయిందని, ఆ బిగువు సడలడానికి చాలాకాలం పట్టిందని ఆయన దాచకుండా రాశాడు. వర్షాకాలంలో ఒంటికి నూనె పట్టించుకుని పడుకుంటే, గురువు పైన కట్టిన తాడు పట్టుకుని పాదాలతో మర్దన చేసే ఉళిచ్చిల్ అనే పద్ధతి కూడా ఆ సాధనలో భాగమే. దేహమంతా కళ్ళు కావడం అని మలయాళ సాధకులు చెప్పుకునే దశను జరిల్లి తన గ్రంథానికి పేరుగా తీసుకున్నాడు. దానికి తన అర్థం ఒక్కటే అంటగట్టకుండా యోగం, ఆయుర్వేదం, ధనుర్వేదం ఏ మాటలతో ఏమి చెబుతాయో విడివిడిగా పరిశీలించడం ఆయన పద్ధతి. హెరిగెల్‌కు లోపించిన జాగ్రత్త అదే.

కళరిలో వాయ్తారి అనే ఏర్పాటు ఉంది. వ్యాయామపు వరసను గురువు లయబద్ధంగా నోటితో పలుకుతుంటే శిష్యులు ఆ పలుకు వెంటే కదులుతారు. ఏ కాలు ఎక్కడికి, ఒళ్ళు ఎటు తిరగాలి, ఎంత వంగాలి అన్నదే ఆ పలుకుల్లో ఉంటుంది. విద్యను గురించి మాట్లాడే భాష వేరు, విద్యలోనే ఇమిడి ఉన్న భాష వేరు అనడానికి ఇంతకంటె తేట ఉదాహరణ దొరకదు. షికాగో నగరపు దక్షిణభాగంలోని నల్లజాతివారి పేటలో 1988 నుంచి మూడేళ్ళపాటు బాక్సింగ్ నేర్చిన ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త లోయిక్ వాకాన్‌కు కూడా ఈ తేడా ఎదురైంది. పుస్తకాలు చూసి బాక్సింగ్ నేర్వలేరని ఆయన శిక్షకుడు తీసిపారేశాడు, ఆ మాటను వాకాన్ బుద్ధిగా తన పుస్తకంలో నమోదు చేశాడు.

తెలుగునాట ఈ విద్యలకు నెలవు తాలింఖానా, అంటే నేర్పే ఇల్లు. నేర్పేవాడు వస్తాదు, కుస్తీకి తవ్విన మట్టి బరి గోదా, చేతుల మీద చేసే వ్యాయామం దండీలు, గుంజిళ్ళలా కూర్చుని లేచేది బస్కీలు. ఈ మాటల్లో తాలింఖానా, వస్తాదు పారసీ, ఉర్దూల మీదుగా వచ్చినవి. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా పేరుతో కర్రలూ కత్తులూ తిప్పుతూ యువకులు ఊరేగడం ఇప్పటికీ ఉంది. అయితే జనం నోట నిలిచినవి ఎక్కువగా చూసినవారి మాటలు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీమీద ఏనుగును నిలిపాడని, ఇనుప గొలుసులు తెంచాడని చెప్పుకుంటారు, ఊపిరిని బిగపట్టే వాయుస్తంభన విద్య తెలిసినవాడనీ చెప్పుకుంటారు. ఏనుగు కాలు మోపినప్పుడు గాలిని పక్కటెముకల కింద నిలిపాడా, పొత్తికడుపులోకి అదిమాడా, ఆ బరువు ఏ భుజం వైపు ఒరిగింది, దిగాక మొదటి శ్వాస ఎలా వచ్చింది అన్నవి ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడికి తెలిసే సంగతులు కావు.

పాత తాలింఖానాల్లో సాధన చేసిన వృద్ధులు కోనసీమలోనూ, ఉత్తరాంధ్రలోనూ, హైదరాబాదు పాతబస్తీ అఖాడాల్లోనూ ఇంకా కనిపిస్తారు. వారి చేత మాట్లాడించదలచినవారు కుస్తీ అంటే ఏమిటని అడిగితే బలం, క్రమశిక్షణ, ఆంజనేయస్వామి దయ అన్న జవాబులే వస్తాయి. అందులో అబద్ధం ఉండదు గాని కొత్త సంగతి కూడా ఉండదు. చేరిన మొదటి నెలలో ఏ పని అప్పగించారని అడిగితే కథ వేరుగా మొదలవుతుంది: పార పట్టుకుని గోదా మట్టి తవ్వడం, గడ్డలు చిదపడం, నూనె, పసుపు కలిపి కాళ్ళతో చదును చేయడం, ఆ తవ్వకంతోనే నడుము విరిగి ఇంటికి పోయినవారెవరు, మరునాడు తిరిగివచ్చినవారెవరు.